చోడవరం ప్రాంతపు తాగునీరు: నాణ్యత, భద్రత

చోడవరం అనకాపల్లికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, శారదా నది పరీవాహక ప్రాంతంలో ఉన్న పట్టణం, మండల కేంద్రం. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. చెరకు సాగుకు, బెల్లానికి, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి, స్వయంభూ విఘ్నేశ్వరాలయానికి ఈ ప్రాంతం పేరు పొందింది. మండల కేంద్రంలో ట్యాంకులు, గొట్టాలు, కుళాయిలు ఉంటే, చుట్టుపక్కల పల్లెల్లో నూతులు, బోరింగులు, మినీ ట్యాంకులు, పడమటి కొండల్లో ఊటగెడ్డలు జనం దాహం తీరుస్తున్నాయి. చిన్న జనావాసాల తాగునీటికి సంబంధించిన ప్రశ్నలన్నీ కొద్ది కిలోమీటర్ల మేర ఇక్కడ ఒక్కచోటే కనిపిస్తాయి.

మహానగరానికి నీటి శుద్ధి కేంద్రం, అందులో రసాయన శాస్త్రజ్ఞులు, రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది ఉంటారు. చిన్న ఊరి నీటి భారమంతా తరచుగా ఒక పంపు ఆపరేటరు మీద, ఒక పంచాయతీ కార్యదర్శి మీద పడుతుంది. అందువల్ల చిన్న ఊళ్లో నీటి భద్రతను నిర్ణయించేది యంత్రం ఖరీదు కన్నా ప్రతిరోజూ తప్పకుండా జరిగే పని. నీటివనరు నుంచి ఇంట్లో బిందె దాకా ఉన్న దారిలో ఏ ఒక్క చోట అశ్రద్ధ జరిగినా మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

నేల, నదులు, వానలు

శారదా నది తూర్పు కనుమల్లో పుట్టి, దేవరాపల్లి, చోడవరం, అనకాపల్లి ప్రాంతాల మీదుగా పారి, రాంబిల్లి మండలంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్దేరు, బొడ్డేరు, తాచేరు దీని ఉపనదులు. దేవరాపల్లి మండలంలో శారద మీద రైవాడ జలాశయం, చీడికాడ మండలంలో బొడ్డేరు మీద కోనాం జలాశయం, మాడుగుల మండలంలో పెద్దేరు జలాశయం ఉన్నాయి. రైవాడ నీటిలో కొంత విశాఖపట్నం నగరానికి వెళుతుంది. ఆ నీటిని పూర్తిగా సాగుకే కేటాయించాలని ఈ ప్రాంత రైతులు చాలాకాలంగా కోరుతున్నారు. నగరం దాహం, పల్లె పంట, పల్లె దాహం మూడూ ఒకే నది మీద ఆధారపడటం ఇక్కడి నీటి చరిత్రలో ముఖ్యమైన అంశం.

ఈ ప్రాంతపు అడుగురాయి తూర్పు కనుమల్లో సాధారణమైన ఖోండలైటు, చార్నొకైటు, నైస్ జాతులది. గట్టి రాతిలో నీరు నిలవదు. పైనున్న శిథిల పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. అందుకే పక్కపక్కనే తవ్విన రెండు బోర్లలో ఒకటి పుష్కలంగా పోయవచ్చు, మరొకటి ఎండిపోవచ్చు. వాటి రుచి, ఉప్పదనం, ఫ్లోరైడు కూడా వేర్వేరుగా ఉండవచ్చు. ఒక బోరు నీటిని పరీక్షించి ఊరంతటికీ అదే ఫలితమని చెప్పడం ఇలాంటి నేలలో చెల్లదు.

నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వాన కురిపిస్తాయి. వేసవి చివర నీటిమట్టం పడిపోయినప్పుడు లవణాల గాఢత పెరుగుతుంది. తొలకరి వానలకు నేల మీద పేరుకున్న మలినాలన్నీ కొట్టుకొచ్చి నూతుల్లోకి, గెడ్డల్లోకి చేరతాయి. సంవత్సరంలో అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన రోజులు ఈ తొలి వానల రోజులే.

నీటి వనరులు

నుయ్యి ఈ ప్రాంతపు పాత ఆధారం. గట్టు ఎత్తుగా లేకపోయినా, చుట్టూ సిమెంటు పళ్లెం లేకపోయినా, బట్టలు ఉతికిన నీరు తిరిగి అందులోకే ఇంకుతుంది. మరుగుదొడ్డి గుంత, పశువుల శాల, పెంటకుప్ప నూతికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలన్నది ప్రజారోగ్య గ్రంథాలు చెప్పే నియమం. ఇంటింటా మరుగుదొడ్లు కట్టుకున్న ఈ కాలంలో, ఇరుకు వీధుల్లో ఆ దూరం పాటించడం కష్టమైంది. పారిశుద్ధ్యానికి వేసిన ముందడుగు తాగునీటికి ముప్పు కాకుండా చూడటం ప్రతి పంచాయతీ బాధ్యత.

బోరింగులు, అంటే చేతిపంపులు, 1970ల చివర నుంచి ఇండియా మార్క్-2 నమూనాతో దేశమంతటా వ్యాపించాయి. లోతైన బోరు నీటిలో సూక్ష్మజీవులు తక్కువగా ఉండే అవకాశం ఉంది. అయితే పళ్లెం పగిలినా, చుట్టూ నీరు మడుగు కట్టినా ఆ మేలు పోతుంది.

ఇసుక నిండిన నదుల్లో ఊటబావులు ఉత్తరాంధ్ర నీటి పథకాలకు ప్రధాన ఆధారాలు. నది గర్భంలో బావి దింపి, ఇసుక పొరల గుండా వడకట్టుకుని వచ్చిన నీటిని పంపులతో ట్యాంకులకు ఎక్కిస్తారు. ఇక్కడ ఇసుకే వడపోత యంత్రం. ఇసుకను అతిగా తవ్వుకుపోతే నది నీటిమట్టం దిగిపోయి బావికి ఊట తగ్గుతుంది, వడపోత పొర పలచబడుతుంది. ఇసుక తవ్వకాల వివాదాన్ని ఇంటి కట్టుబడి సామగ్రి వ్యవహారంగా మాత్రమే చూడటం సరికాదు. అది నేరుగా తాగునీటి నాణ్యతకు సంబంధించిన విషయం.

మాడుగుల, పాడేరు వైపు కొండల్లోని గిరిజన గ్రామాలు ఊటగెడ్డల మీద, చెలమల మీద ఆధారపడ్డాయి. ఎత్తున ఉన్న ఊటను చిన్న తొట్టిలో పట్టి, వడపోసి, గొట్టం ద్వారా వాలున కిందికి తెచ్చే గ్రావిటీ పథకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. వాటికి కరెంటు అక్కర్లేదు, మోటారు కాలిపోయే బెడద లేదు. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి వంటి స్వచ్ఛంద సంస్థలు ఈ పథకాల కోసం గ్రామస్థులతో కలిసి పనిచేశాయి. ఊట పైభాగాన అడవి ఉన్నంతకాలమే ఊట ఉంటుంది. అందువల్ల కొండవాలు చెట్లను కాపాడటం కూడా నీటి పథకంలో భాగమే.

కలుషితాలు

తాగునీటి ముప్పులు రెండు రకాలు. సూక్ష్మజీవుల ముప్పు గంటల్లో, రోజుల్లో బయటపడుతుంది. రసాయనాల ముప్పు ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. చిన్న ఊళ్లలో ఎక్కువమందిని ఆస్పత్రికి పంపేది మొదటిదే. మలంతో కలిసిన నీటి ద్వారా కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు, పచ్చకామెర్లకు కారణమైన హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు వ్యాపిస్తాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోవడం పసిపిల్లలకు, ముసలివారికి ప్రాణాంతకం. హెపటైటిస్-ఇ గర్భిణులకు ముఖ్యంగా ప్రమాదకరం.

రసాయనాల్లో నైట్రేటు వ్యవసాయ ప్రాంతాలన్నిటికీ సంబంధించినది. చెరకు, వరి పొలాలకు మోతాదు మించి వేసిన నత్రజని ఎరువులూ, మరుగుదొడ్ల గుంతలూ, పశువుల పేడా దీనికి మూలాలు. నైట్రేటు ఎక్కువైన నీటితో పాలు కలిపి పట్టిస్తే శిశువుల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. మరిగించితే నైట్రేటు పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. ఇనుము ఎక్కువైతే నీరు బిందెలో నిలవగానే ఎర్రబడుతుంది. ఇనుము ఆరోగ్యానికి పెద్దగా హాని చేయదు. అయితే ఆ రంగుకు, రుచికి విసిగి జనం శుభ్రమైన బోరును వదిలి మురికి గెడ్డకు పోయే అవకాశం ఉంది. కాఠిన్యం ఎక్కువైతే పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు.

ఫ్లోరైడు తెలుగు నేలకు చిరకాలపు శాపం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో. తరవాత నల్గొండ పేరు ఈ వ్యాధికి మారుపేరైపోయింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ విధానమనే పేరు పెట్టింది. చివరికి నల్గొండ పల్లెలకు ఊరట తెచ్చింది నీటివనరును మార్చడమే. కృష్ణా నీటిని శుద్ధిచేసి అందించే పథకాలు, 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ దారిలోనివే.

ప్రమాణాలు

మన దేశంలో తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 10500 ఆధారం. 1983లో తొలిసారి వెలువడిన ఈ ప్రమాణం 1991లోనూ, 2012లోనూ సవరణకు వచ్చింది. ఇందులో చాలా అంశాలకు రెండు హద్దులు ఉంటాయి: ఒకటి కోరదగినది, రెండోది వేరే వనరు లేనప్పుడు సహించదగినది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడుకు 1.0, 1.5, మొత్తం కాఠిన్యానికి 200, 600, క్లోరైడుకు 250, 1000 మిల్లీగ్రాములు ఆ హద్దులు. నీటి మసకను కొలిచే ఎన్‌టీయూ ప్రమాణంలో 1, 5 హద్దులు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. నైట్రేటుకు 45 మిల్లీగ్రాములే హద్దు, సడలింపు లేదు. ఇ.కోలై బాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

పల్లెల్లో నీటి మంచిచెడ్డలను రుచితో, టీడీఎస్ మీటరు అంకెతో కొలవడం అలవాటైంది. మీటరు చెప్పేది కరిగిన లవణాల సంగతి మాత్రమే. సూక్ష్మజీవుల సంగతి దానికి తెలియదు. చిన్న అంకె చూపిన తియ్యని నీటిలో కలరా క్రిములు ఉండవచ్చు, పెద్ద అంకె చూపిన ఉప్పటి నీరు క్షేమంగా ఉండవచ్చు.

పరీక్షలు

ప్రతి గ్రామీణ ఇంటికీ కుళాయి నీరు అందించే పథకమైన జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి వనరుకూ ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు, అంటే వానలకు ముందు, తరవాత, బాక్టీరియా పరీక్ష జరగాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఈ పని చూస్తాయి. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకంలో శిక్షణ ఇవ్వాలన్నది ఈ పథకంలో మెచ్చుకోదగిన అంశం. నీరు మోసేవారి చేతికే నీటిని పరీక్షించే సాధనం అందడం న్యాయం.

చిన్న ఊరికి బాగా పనికొచ్చే మరో సాధనం హైడ్రోజన్ సల్ఫైడు సీసా. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు దీన్ని రూపొందించారు. సీసాలో గీత దాకా నీరు పోసి, గది ఉష్ణోగ్రతలో ఉంచితే, మలకాలుష్యం ఉన్న నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ప్రయోగశాల పరీక్షకు ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాకపోయినా చదువు రానివారికి కూడా కళ్లముందే సంగతి చెబుతుంది.

శుద్ధి, క్లోరిన్

మసక నీటిని తేటపరచడం మొదటి మెట్టు. పూర్వం కుండలో ఇండుపగింజ అరగదీసి నీటిని తేర్చుకునేవారు. ఆ గింజ చేసే పనే పథకాల్లో పటిక చేస్తుంది. సన్నని ఇసుక పొర గుండా నెమ్మదిగా నీటిని దింపే ఇసుక వడపోత రెండో మెట్టు. పై పొర మీద పెరిగే సూక్ష్మజీవుల జిగురే ఇక్కడ హానికర క్రిములను పట్టేస్తుంది. కాబట్టి వడపోతను తరచుగా గీకేసి ఆ పొరను చెరపడం మంచిది కాదు. ఎలా తేటపరచినా, తేటనీరు కాబట్టి క్షేమమని అనుకోకూడదు. క్రిమిసంహారం అయ్యాకే ఆ నీరు తాగునీరు.

చిన్న ఊళ్లలో క్రిమిసంహారానికి వాడేది బ్లీచింగ్ పౌడరు. తాజా పౌడరులో దాదాపు మూడోవంతు క్లోరిన్ ఉంటుంది. మూత సరిగా పెట్టని, ఎండకు, చెమ్మకు పెట్టిన బస్తాలో అది వారాల్లోనే తరిగిపోతుంది. పాతబడిన పౌడరును ఎంత వేసినా తెల్లని మడ్డి మిగలడం తప్ప ప్రయోజనం ఉండదు. తేటనీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పౌడరు కావాలన్నది ప్రజారోగ్య గ్రంథాల లెక్క. 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీటి లోతు ఉన్న నూతిలో దాదాపు 28,000 లీటర్లు ఉంటాయి, దానికి 70 గ్రాములు సరిపోతాయి. పౌడరును బకెట్టులో కొద్ది నీటితో ముద్దచేసి, మరింత నీరు కలిపి, మడ్డి అడుగుకు దిగనిచ్చి, పైతేటను మాత్రమే నూతిలోకి వదలాలి. మసక నీటికి ఎక్కువ మోతాదు పడుతుంది. ఆ మోతాదు తేల్చడానికి హారక్స్ పరీక్ష ఉంది. నిత్యం తోడుకునే నూతుల కోసం నీరీ కుండల పద్ధతిని రూపొందించింది. ఒక పాలు పౌడరు, రెండు పాళ్లు ముతక ఇసుక కలిపి చిల్లుల కుండలో నింపి నీటిలో వేలాడదీస్తే, క్లోరిన్ రెండు మూడు వారాల పాటు నెమ్మదిగా దిగుతుంది.

క్లోరిన్ కలిపిన తరవాత కనీసం అరగంట ఆగాలి. ఆపైన మిగిలిన స్వేచ్ఛా క్లోరిన్, చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది ఐఎస్ 10500 నిబంధన. ట్యాంకు దగ్గర ఎంత ఉన్నదన్నదాని కన్నా ఊరి చివరి వీధి, చివరి ఇంటి కుళాయిలో ఎంత ఉన్నదన్నదే ముఖ్యం. ఆ చివరి వీధి తరచుగా పేదలు, దళితులు నివసించే వీధి కావడం వల్ల ఈ కొలతకు సాంకేతిక విలువతో పాటు సామాజిక విలువ కూడా ఉంది. క్లోరిన్ సంగతి ఒక నిమిషంలో రంగు మారి చెప్పే చిన్న పెట్టె ప్రతి పంపు ఆపరేటరు జేబులో ఉండాలి.

గొట్టాలు, ట్యాంకులు, బిందెలు

శుద్ధిచేసిన నీరు మళ్లీ పాడయ్యేది ఎక్కువగా దారిలోనే. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలే ఊళ్లలో మిగతా సమయమంతా గొట్టం ఖాళీ. ఆ సమయంలో ఒత్తిడి పడిపోయి, చిల్లుల గుండా చుట్టుపక్కల మురుగు లోపలికి లాగబడుతుంది. గొట్టం మురుగుకాలువ గుండా వెళుతున్న చోట, కుళాయికి నేరుగా మోటారు బిగించిన చోట ఈ ముప్పు రెట్టింపు అవుతుంది. చిల్లు కనిపించిన రోజే పూడ్చడం, కాలువల్లోంచి గొట్టాలను తప్పించడం, మోటార్లను తొలగించడం వల్ల కలిగే మేలు కొత్త వడపోత యంత్రం వల్ల కలిగే మేలుకు ఏమాత్రం తీసిపోదు. ఓవర్‌హెడ్ ట్యాంకును క్రమం తప్పకుండా కడిగి, కడిగిన తేదీని అందరికీ కనిపించేలా ట్యాంకు గోడ మీదే రాయాలి.

ఇంట్లో బిందె మీద మూత, ముంచడానికి పొడుగు కాడ గరిటె, చేతులకు సబ్బు కావాలి. అనుమానం ఉన్న రోజుల్లో నీటిని సలసల మరిగించాలి. 20 లీటర్లకు ఒకటి చొప్పున వేసే అరగ్రాము క్లోరిన్ మాత్రలు కూడా ఉన్నాయి.

ఇరవై లీటర్ల ‘మినరల్ వాటర్’ టిన్నులు ఇప్పుడు పల్లెపల్లెకూ చేరాయి. 2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్లను రెండు రూపాయలకు అందించే ఉద్దేశంతో ఈ దారినే పట్టింది. ఈ టిన్నుల నీటిని శుద్ధిచేసే ఆర్‌వో యంత్రం ఫ్లోరైడును, ఉప్పదనాన్ని తీసేస్తుంది. అవి హద్దు మించిన చోట దాని అవసరం నిజమైనది. కానీ ఆ నీటిలో రక్షణగా క్లోరిన్ మిగలదు. కడగని టిన్నులో పోస్తే నీరు మళ్లీ కలుషితమవుతుంది. యంత్రం లోపలికి తీసుకున్న నీటిలో గణనీయమైన భాగం వ్యర్థంగా బయటికి పోతుంది. సీలు వేసి అమ్మే నీటికి ఐఎస్ 14543 వర్తిస్తుంది, వీధి ప్లాంటు టిన్నులో నింపే విడి నీరు ఎక్కువగా ఆ పర్యవేక్షణకు వెలుపలే ఉంటుంది. పైగా స్తోమత ఉన్నవారు టిన్నులకు మళ్లిన కొద్దీ, ఊరి కుళాయి గురించి గట్టిగా అడిగే గొంతులు తగ్గిపోతాయి.

వ్యాధి ప్రబలిన సందర్భాలు

కెనడాలోని వాకర్టన్ దాదాపు చోడవరం తరహా చిన్న వ్యవసాయ పట్టణం. జనాభా అయిదువేల లోపు. 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడ కలిసిన నీరు ఒక బావిలోకి చేరింది. క్లోరిన్ సరిగా కలపలేదు, కొలవలేదు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు మరణించారు. సంపన్న దేశంలో, చట్టాలన్నీ ఉన్నచోట, రోజూ చేయవలసిన ఒక చిన్న కొలత తప్పడం ఇంతటి విషాదానికి దారితీసింది.

పొరుగున ఉన్న విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. తాగునీటి కాలుష్యమే ప్రధాన అనుమానంగా నిలిచింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మరో రకం పాఠం. అక్కడ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలకముందే, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి శుద్ధిచేసి అందించే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కారణం తేలేదాకా ఆగకుండా మంచినీరు అందించడం వివేకమైన పని.

తుపానుల కాలంలో ఈ ప్రాంతపు నీటి వ్యవస్థ బలహీనత బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక పంపులు ఆగిపోయాయి. కరెంటు లేకపోతే కుళాయి లేదన్న సంగతి జనానికి అప్పుడు అనుభవంలోకి వచ్చింది. పాత నూతులను పూడ్చకుండా శుభ్రంగా ఉంచుకోవడం, జనరేటరు, క్లోరిన్ మాత్రలు ముందుగా సమకూర్చుకోవడం అటువంటి రోజులకు తగిన సంసిద్ధత.

చట్టం, పాలన

తాగునీరు రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయంగా ఉంది. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ దీనికి మూలం. జీవించే హక్కులో కలుషితం కాని నీటిని పొందే హక్కు ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయడాన్ని అడ్డుకుంటుంది. చెరకు పొలాల మధ్య ఉన్న పల్లెలకు ఈ నిబంధన విలువైన ఆయుధం.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ ఇంటికి కుళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించే లక్ష్యం పెట్టుకుంది. గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘంలో సగం మంది మహిళలు ఉండాలని దాని నిబంధన. కుళాయి బిగించడంతో పథకం పూర్తయినట్టు లెక్కలు చెబుతాయి. ప్రజారోగ్యం దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

గ్రామానికి అవసరమైన కార్యక్రమం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నుంచి సూచిస్తున్న నీటి భద్రతా ప్రణాళిక సారాంశం సరళమైనది: వనరు నుంచి బిందె దాకా దారిని నడిచి చూడాలి, ఎక్కడ ముప్పు ఉందో రాసుకోవాలి, ముందుగా దేన్ని సరిచేయాలో నిర్ణయించుకోవాలి, చేసినదాన్ని తిరిగి కొలవాలి. చోడవరం వంటి చోట దీనికి కావలసినవి ప్రతి ఉదయం చివరి కుళాయిలో క్లోరిన్ కొలత, దాన్ని నమోదు చేసే పుస్తకం, వానలకు ముందూ తరవాతా పరీక్షలు, గ్రామసభలో ఆ ఫలితాలను చదివి వినిపించడం, పంపు ఆపరేటరుకు సకాలంలో జీతం, శిక్షణ. ఇందులో ఒక్కటి కూడా ఊరి శక్తికి మించినది కాదు. ఫలితాలు బహిరంగమైన ఊళ్లో నీటి పట్ల నిర్లక్ష్యం ఎక్కువ రోజులు సాగదు. అందువల్ల నీటి పరీక్షల చీటీని పంచాయతీ కార్యాలయపు గోడ మీద అంటించమని అడగడం ప్రతి పౌరుడి హక్కు, అంటించడం పంచాయతీ ధర్మం.